పెలీనా అని చదవాలట

మా కారు టైర్లు మార్చాలని మా ఆయన ఒప్పుకోవడానికి రెండు వానాకాలాలు పట్టింది. అప్పటికి అవి బోడిగుండ్లయి చాలా రోజులైంది. చిక్కడపల్లి సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కితే కారు కాసేపు ఆలోచించుకుని, సరే పోనీ అన్నట్టు ఆగేది. జూన్‌లో ఒకరోజు అది ఆలోచించుకుంటూనే వెళ్లి ముందున్న ఆటో వెనక మెత్తగా ఆనింది. ఆటో అతను దిగి, దెబ్బ ఎక్కడ తగిలిందో చూసుకోలేదు. సరాసరి మా టైర్ల దగ్గరికి వచ్చి వంగాడు.

"అన్నా, టైర్లు ఏడ వోయినయే? వట్టి ట్యూబుల మీద తిరుగుతున్నవా?" అన్నాడు.

నేను రెండేళ్లుగా మొత్తుకున్నది వినని మనిషి ఆ ఒక్క మాటకు సిగ్గుపడ్డారు. గురువారం పొద్దున్నే టైర్లు వేయిద్దాం పద అన్నారు.

ఆయన పేరు విఠల్. నారాయణగూడలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటు. అక్కడ ఆయనంటే అందరికీ హడల్ అని ఇంట్లో చెబుతుంటారు. నేను ఎప్పుడూ ఆ ఆఫీసుకు వెళ్లలేదు కాబట్టి నమ్ముతున్నాను.

నాకు టైర్లు కావాలి. కానీ అంతకంటే ఎక్కువగా కావలసింది ఇంకొకటి ఉంది. ఆ ఆదివారం కారులో ఆయన ఉండకూడదు.

ఇది మొగుడూపెళ్లాల గొడవ కాదు. నాకు డ్రైవింగ్ లైసెన్సు వచ్చి తొమ్మిదేళ్లు. ఈ తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా కారును ఒంటరిగా మా గేటు దాటించలేదు. నేను స్టీరింగు ముందు కూర్చుంటే పక్క సీట్లో ఆయన కూర్చుంటారు. ఎడమ చెయ్యి తలుపు పైన హ్యాండిల్ మీద, కుడి చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీద. ఆయన కాళ్ల కింద మ్యాటు ఒకచోట చిరిగిపోయింది. అక్కడ బ్రేకు ఉందని ఆయన నమ్మకం. తొమ్మిదేళ్లుగా తొక్కుతున్నారు.

"క్లచ్... క్లచ్... క్లచ్! బస్సు దమయంతీ, బస్సు! జర ఆగు. అరె, ఆగకు, పో పో!"

"ఆగాల్నా, పోవాల్నా? ఒక్కటి చెప్పున్రి."

"రెండూ మెల్లగ."

ఆ ఆదివారం మా డిగ్రీ బ్యాచ్ ఆడవాళ్లమంతా ఇరవై రెండేళ్ల తర్వాత శామీర్‌పేట దగ్గర ఒక తోటలో కలుసుకుంటున్నాం. నారాయణగూడలో చంద్రికను, కవాడిగూడలో మహేశ్వరిని నా కారులో తీసుకొస్తానని గ్రూపులో రాసేశాను. నేనే నడుపుతానని కూడా రాశాను. పదిహేడు మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఆ సంగతి ఇంట్లో చెప్పగానే మా ఆయన చాలా ఉదారంగా ఒక మాట అన్నారు.

"నేను గూడ వస్త. మీరు మీరు మాట్లాడుకోన్రి. నేను దూరంగ ఏదన్న చెట్టు కింద పేపర్ చదువుకుంట."

ఆ దూరపు చెట్టు భోజనాల వేళకు దగ్గరికి జరుగుతుందని నాకు తెలుసు. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి, మా దమయంతి పోయిన నెల సెల్లార్‌లో పిల్లర్‌కు కారు ఎట్లా గీకిందో చేతులు తిప్పి చూపిస్తారు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాలి. వద్దంటే కారణం అడుగుతారు. కారణాలు నేను తొమ్మిదేళ్లుగా చెబుతూనే ఉన్నాను. లైసెన్సు మీద ఉన్నది నా ఫొటో అన్న కారణంతో సహా.

సరే, టైర్ల కొట్టు. నారాయణగూడ ఫ్లైఓవర్ దిగి ఎడమ సందులోకి తిరిగితే ఉంటుంది. కొట్టు యజమాని భానుప్రకాశ్. మనిషి తెల్ల చొక్కా వేసుకుని టైర్ల మధ్య కూర్చుంటాడు. ఆ చొక్కాకు మరక అంటకపోవడం చూస్తే టైరు ముట్టుకోడని తెలుస్తుంది.

"బడ్జెట్ చెప్పున్రి సార్, దాన్ని బట్టి కంపెనీ చెప్త," అన్నాడు.

మా ఆయన బడ్జెట్ చెప్పారు. భానుప్రకాశ్ మొహంలో గౌరవం తగ్గింది. లేచి మమ్మల్ని కొట్టు వెనకవైపుకు నడిపించాడు. ముందు వరసలో మనకు తెలిసిన కంపెనీల టైర్లు అద్దాల వెనక, లైట్ల కింద ఉన్నాయి. వాటి ముందు నుంచి మా ఆయన బంగారం కొట్టు ముందు నుంచి నడిచినంత వేగంగా నడిచారు.

వెనక వరసలో లైటు లేదు. అక్కడున్న పేర్లు నేను జన్మలో వినలేదు. వినకపోవడమే మంచిదని చదివాక తెలిసింది.

మొదటిది హోప్‌వే. ఆశామార్గం అన్నమాట. నేను బ్రేకు తొక్కినప్పుడు నాకూ, ముందున్న లారీకీ మధ్య ఉండాల్సింది రబ్బరు. వీళ్లు ఆశ పెడతామంటున్నారు. పక్కనే ఆల్మోస్టో. దాదాపు ఆగుతుంది, దాదాపు ఇంటికి చేరుస్తుంది. దాని పైన హెవెన్‌రన్. తొందరలో ఉన్నవాళ్ల కోసం. ఆ పైన ఓకేస్టోన్. పెద్ద కంపెనీ పేరులోంచి రాయిని మాత్రం ఎత్తుకొచ్చి, అది పర్వాలేదని వాళ్లే సర్టిఫికెట్ ఇచ్చుకున్నారు. మూలన దుమ్ము పట్టి గుడ్‌లక్ ప్లస్. మేముండేది అశోక్ నగర్‌లో. మా వీధిలో హాస్టళ్ల నిండా పోటీ పరీక్షలకు చదివే పిల్లలే. గుడ్‌లక్ అన్న మాట వాళ్లకు చెప్పినన్నిసార్లు ఊళ్లో ఎవరికీ చెప్పి ఉండరు. ఫలితాలు కూడా మేం చూస్తూనే ఉన్నాం.

మన ఇళ్లలో అప్పడాల కట్టకు పేరు పెట్టాలన్నా నలుగురు కూర్చుని ఆలోచిస్తారు. నలుగురు మనుషుల్ని మోసుకుని వందమీద పోయే వస్తువుకు ఈ పేర్లు ఎవరు పెడతారో, పెట్టేటప్పుడు ఏం తింటూ ఉంటారో నాకు అర్థం కాలేదు.

మా ఆయనకు కూడా గుబులు పుట్టింది. "ఏంది భానుప్రకాశ్, అన్ని పేర్లు గిట్లనే ఉన్నయి? ధైర్యం చెప్పే పేరు ఒక్కటి గూడ లేదా?"

"పేర్లదేముంది సార్, రబ్బర్ రబ్బరే గద. మీకు ఫారిన్ పేరు కావాల్నా? ఇగో." అని కింద నుంచి ఒకటి దొర్లించాడు. "పెలీనా. ఇటలీ పేరు సార్."

"ఇటలీ మాలా?"

"పేరు ఇటలీ సార్. మాల్ ఢిల్లీ అవతల తయారైతది."

మా ఆయన టైరు మీద చెయ్యేసి నిమిరారు. పి, ఇ, ఎల్, ఐ, ఎన్, ఎ. ఉబ్బెత్తు అక్షరాలు, పక్కన ఎగురుతున్న గుర్రం. "పెలీనా... పెలీనా..." అని రెండుసార్లు నోట్లో తిప్పుకున్నారు. "గిది మంచిగుంది. మిగతావాటికి అన్నిటికీ ఏదో ఒక అర్థం ఉన్నది, భయమైతుంది. దీనికి అర్థం లేదు."

నేను ఆయన మొహంలోకి చూశాను. పరాచికం కాదు, నిజంగానే అంటున్నారు.

మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ముప్పై నాలుగు మందిమి. అందరం తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లోనే టైపు చేస్తాం. మా ఆయన అన్నగారు, అంటే మా బావగారు ధర్మారావు, వారానికి రెండుసార్లైనా ఒక వీడియో పంపి దాని కింద 'కుక్కర్ పేలిన వీడియో, జాగ్రత్త' అని రాస్తారు. కుక్కర్ అయిపోతే గీజర్. గీజర్ అయిపోతే సెల్‌ఫోన్. ఆ 'పేలిన' అన్న మాటను ఆయన ఏ ఆరు ఇంగ్లిషు అక్షరాలతో రాస్తారో, సరిగ్గా అవే ఆరు అక్షరాలు, అదే వరసలో, ఆ టైరు మీద ఉన్నాయి. పైగా గుర్రం ఎగిరి పడుతోంది.

చెబుదామని నోరు తెరిచాను. మళ్లీ మూసుకున్నాను. ఎందుకు మూసుకున్నానో అప్పటికి నాకూ తెలియదు.

పేరు సంగతి పక్కనబెట్టి నేను చూడాల్సినవి చూశాను. బ్రెడ్డు కొన్నా తారీఖు చూసే దాన్ని. టైరు పక్కన ఒకచోట నాలుగంకెలుంటాయి, ఏ సంవత్సరంలో ఏ వారం తయారైందో చెబుతాయి. నాలుగు టైర్లకూ చూశాను. ఈ ఏడాది ఎనిమిదో వారం. ఐఎస్‌ఐ గుర్తు ఉంది. మా కారుకు కావలసిన సైజే. వంగి అవన్నీ చూస్తుంటే మా ఆయన భానుప్రకాశ్‌తో, "ఆడోళ్లు కూరగాయలు ఏరినట్టు ఏరుతున్నది చూడు," అని నవ్వారు. భానుప్రకాశ్ కూడా నవ్వాడు. అమ్మేవాడికి ఆ అంకెలు చూసేవాళ్ల కంటే నవ్వేవాళ్లంటేనే ఇష్టం.

టైర్లు బిగించారు. ఇంటికి వచ్చేటప్పుడు నేనే నడిపాను. బ్రేకు తొక్కితే కారు ఆలోచించకుండా ఆగింది. మా ఆయన మాత్రం దారి పొడుగునా మ్యాటు తొక్కుతూనే ఉన్నారు.

"చూసినవా పెలీనా? మక్కన్ లెక్క పోతుంది. క్లచ్! ఆదివారం హైవే మీద నీకు స్పీడ్ ఎట్ల పెంచాల్నో చూపిస్త. క్లచ్!"

నేను నోరెందుకు మూసుకున్నానో చిక్కడపల్లి మెట్రో స్టేషన్ కిందికి వచ్చేసరికి నాకు తెలిసింది.

మా బావగారి గురించి చెప్పాలి. మేమున్న అపార్ట్‌మెంట్‌లోనే పై అంతస్తులో ఉంటారు. రిటైరైన దగ్గర్నుంచి అక్షరాలూ అంకెలూ కలిపి జాతకం చెప్పే శాస్త్రం పట్టుకున్నారు. తన పేరులో అదనంగా ఒక ఎ, ఒక డబ్ల్యు చేర్చుకున్నారు. అపార్ట్‌మెంట్ బోర్డుకు చివర ఒక ఎమ్ తగిలించారు. ఇప్పుడు కొరియర్ వాళ్లు అది వేరే బిల్డింగ్ అనుకుని తిరిగిపోతున్నారు. మా ఆయన చేత పేరులో రెండు ఎల్‌లు రాయిస్తున్నారు. ఆ రెండో ఎల్ వల్లే సూపరింటెండెంటు అయ్యానని మా ఆయన నమ్మకం. అంతకు ముందున్నాయన రిటైరయ్యాడన్నది లెక్కలోకి రాదు.

ఏళ్ల తరబడి ఈ లెక్క వింటున్నాను. నాకు కంఠతా వచ్చేసింది. శుక్రవారం మధ్యాహ్నం పప్పు కుక్కర్లో పెట్టి, పాలవాడి కార్డు వెనక రాసి చూశాను. పి ఎనిమిది, ఇ అయిదు, ఎల్ మూడు, ఐ ఒకటి, ఎన్ అయిదు, ఎ ఒకటి. మొత్తం ఇరవై మూడు. రెండూ మూడూ కలిపితే అయిదు. మా ఆయన పుట్టింది పదిహేడున. ఒకటీ ఏడూ ఎనిమిది. బావగారి శాస్త్రంలో ఎనిమిదికీ అయిదుకూ పడదు. వాళ్ల పక్కింటి సంబంధం ఒకటి ఈ కారణంతోనే చెడగొట్టారు. ఇక నేను పుట్టింది పద్నాలుగున. ఒకటీ నాలుగూ అయిదు.

కుక్కర్ కూత పెట్టింది. లెక్క కుదరకపోయుంటే కారు నెంబరు కూడా కలిపి చూసేదాన్నని ఒప్పుకుంటున్నాను.

శనివారం పొద్దున బావగారు సెల్లార్‌లో నడకకు దిగారు. మా ఆయన కారు తుడుస్తున్నారు. నేను చెత్తబుట్ట పట్టుకుని వెళ్లి, ఊరికే ఆగినట్టు ఆగాను.

"బావగారూ, మీరు ఇంగ్లిష్ మంచిగ చదువుతరు గద. ఈ టైరు మీద పేరు ఎట్ల పలకాల్నో జర చెప్పున్రి. ఈయన ఒక తీరు అంటున్నరు, నాకు ఇంకో తీరు కనబడుతుంది."

బావగారికి అడగడమే ఆలస్యం. కళ్లజోడు సవరించుకుని, మోకాలి మీద చెయ్యి ఆనించి వంగారు. ఆయన కుక్కర్ వీడియోల కింద ఆ మాట వందసార్లు టైపు చేసిన వేలితోనే ఒక్కో అక్షరాన్నీ తడిమారు.

"పే... లి..." ఆగారు. మళ్లీ మొదలుపెట్టారు. "పే... లి... న."

మా ఆయన తుడవడం ఆపారు.

"విఠలూ," అన్నారు బావగారు వంగే ఉండి. "పేలిన అని రాసున్న టైరు ఎవడన్న కొంటడారా?"

"పేలిన కాదన్నా, పెలీనా. ఇటలీ పేరు."

"ఇటలోడు ఇటలీల చదువుకుంటడు. నువ్వు అశోక్ నగర్ల తిరుగుతున్నవు. ఈడ దాన్ని ఏమని చదువుతరు?"

మా ఆయన వంగి చూశారు. తడిబట్ట చేతిలోంచి జారింది. అప్పటిదాకా ఆయనకు అది గుర్రం ఉన్న ఇటలీ పేరు. ఇప్పుడు ఒకసారి తెలుగులో కనబడ్డాక, ఇంక ఇటలీ తిరిగి రాదు. నాలుగు చక్రాల చుట్టూ తిరిగి నాలుగూ చదివారు. వెనక కుడి టైరు మీదైనా వేరేగా ఉంటుందనుకున్నారేమో.

"పేరు సంగతి సరే, లెక్క గూడ చూడున్రి బావగారూ," అన్నాను. "మీరు చూస్తె మాకు ధైర్యం."

ఆయన గాలిలో వేళ్లు మడిచి కలిపారు. ఇరవై మూడు. అయిదు. తలెత్తి తమ్ముణ్ని చూశారు. ఆ చూపు నేను ఆసుపత్రుల్లో చూశాను, డాక్టరు స్కాన్ రిపోర్టు లైటుకు పెట్టి చూసేటప్పుడు.

"నీది ఎనిమిది. ఇది అయిదు. నువ్వు ఈ బండి ముట్టకు. ఎక్కకు గూడ."

"మరి రేపు శామీర్‌పేట ఉన్నది గదన్నా?"

"నీకు ప్రాణం ముఖ్యమా, శామీర్‌పేట ముఖ్యమా?"

నేను తల వంచుకుని చెత్తబుట్టకేసి చూస్తూ, చాలా నెమ్మదిగా అన్నాను. "నాది పద్నాలుగో తారీఖు గద బావగారూ. అయినా ఎందుకులెండి. మీరు వద్దంటె నేను గూడ మానుకుంట."

"పద్నాలుగా?" బావగారి మొహం విప్పారింది. శాస్త్రం రెండువైపులా పనిచేస్తే ఆయనకు అంతకంటే ఆనందం ఉండదు. "ఒకటి, నాలుగు, అయిదు! అయిదుకు అయిదు. అమ్మా, నీకైతె బ్రహ్మాండం. నువ్వు నడిపితె ఆ టైరుకు ఏం కాదు. ఇంకా బలమైతది."

తొమ్మిదేళ్లు. నేను నెమ్మదిగా చెప్పాను, కోపంగా చెప్పాను, అన్నం మానేసి చెప్పాను. ఆర్టీఓ వాళ్లు పరీక్ష పెట్టి ఇచ్చిన కార్డు చూపించి చెప్పాను. ఏదీ ఆయన్ని ఆ సీట్లోంచి కదల్చలేదు. ఢిల్లీ అవతల ఎవడో తెలుగు రానివాడు పెట్టిన పేరు కదిలించింది. సంతోషపడాల్సిన చోట నాకు ఒళ్లు మండింది. అయినా చెత్తబుట్ట మొహానికి అడ్డం పెట్టుకుని లిఫ్టు ఎక్కాను.

మా ఆయన అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. మధ్యాహ్నం ఆ కారు ఎక్కడానికి భయపడి, ఆటోలో కూర్చుని నారాయణగూడ వెళ్లారు. నేను మాత్రం కారులో ఆయన వెనకే వెళ్లాను, టైర్లు మార్చాల్సి వస్తే కారు కావాలి కదా అని. అంటే నేను ఒంటరిగా మొదటిసారి గేటు దాటింది ఆదివారం కాదు, శనివారం. ఆటోకు నాలుగడుగుల దూరంలో, నెమ్మదిగా, అందులోంచి వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్న మా ఆయన బట్టతల వెనక. దాన్ని నేను లెక్కలో వేసుకోను.

భానుప్రకాశ్ మమ్మల్ని చూసి లేచాడు. "ఏమైంది సార్? టైరు పేలిందా?"

"పేల్లే. పేలిన అని ఉన్నది."

"ఏడ సార్?"

"దాని పేరే అది! తెలుగుల చదువు."

భానుప్రకాశ్ చదివాడు. పెదాలు కదిలాయి. పాపం, రెండేళ్లుగా ఆ టైర్లు అమ్ముతున్నాడు, ఒక్కసారి కూడా చదవలేదు. కానీ వ్యాపారి కదా, తేరుకున్నాడు.

"పేరు పేలింది గని టైరు పేల్లే గద సార్. ఎక్కినంక వాపస్ ఉండదు."

"నా పానం మీదికొచ్చింది, వాపస్ లేదంటవేంది?"

"గట్లయితె తిప్పి వేస్త సార్. పేరు లోపలికి పోతది, ఎవ్వరికి కనబడది."

మా ఆయన అక్కడికక్కడే బావగారికి ఫోన్ చేశారు. పేరు లోపలికి పెడితే దోషం పోతుందా అని అడిగారు. అవతల నుంచి అరుపు నాక్కూడా వినబడింది. "లోపల పేలితె ఇంకా డేంజర్ గదరా!"

"పోనీ హోప్‌వే వేస్కోన్రి సార్," అన్నాడు భానుప్రకాశ్. "మళ్ల కొత్త సెట్టు, మీకోసం రేటు చూసి చెప్త."

రేటు అన్న మాట వినగానే మా ఆయన ప్రాణభయం కొంత తగ్గింది. భానుప్రకాశ్ వంకా, టైర్ల వంకా, నా వంకా చూశారు. నేను అయిదో నెంబరు దానిలా నిలబడ్డాను.

"సరే తియ్," అన్నారు చివరికి. "కారు నువ్వే నడుపుకో. నాకు అవసరం పడితె ఆటోల పోత."

ఆదివారం పొద్దున ఏడున్నరకు గేటు దగ్గర ఆయన నిలబడ్డారు. పైన బాల్కనీలోంచి బావగారు చెయ్యెత్తి దీవించారు. సీటు ముందుకు జరుపుకున్నాను. తొమ్మిదేళ్లుగా ఆయన కంటికి సరిపోయేలా ఉన్న అద్దాన్ని నా కంటికి సరిపోయేలా తిప్పుకున్నాను. పక్క సీటు ఖాళీ. అలవాటు లేక, ఏదో మర్చిపోయి బయల్దేరినట్టు రెండుసార్లు అటు చూశాను.

గేటు దాటి, హాస్టళ్ల ముందు టీ తాగుతూ నోట్సు చదువుకుంటున్న పిల్లల్ని దాటి, చిక్కడపల్లి మెయిన్ రోడ్డు ఎక్కాను. ఆదివారం కూడా మెట్రో పిల్లర్ల కింద ఆటోలు ఎప్పటిలాగే ఎవరికి వారే రాజులు. సిగ్నల్ ఎర్రబడింది. ఆగాను. అద్దంలో చూస్తే రెండు ఆటోల వెనక స్కూటరు మీద హెల్మెట్ పెట్టుకుని ఆయన. బయల్దేరేముందు స్కూటరు టైర్ల పేరు కూడా చదువుకునే ఉంటారు.

ఆటోల సందుల్లోంచి దూరి దూరి నా కిటికీ పక్కకు వచ్చి ఆగారు.

"ఏందండి, ఎటు పోతున్నరు?"

"ఊకెనే. పాల ప్యాకెట్‌కు." నారాయణగూడ దాకా పాల ప్యాకెట్టు. "దమయంతీ, గేర్ ఎంతల ఉన్నది? ఫస్ట్‌ల పెట్టు. సిగ్నల్ పడంగనె క్లచ్ మెల్లగ..."

పచ్చలైటు పడింది. కంగారులో క్లచ్ వదిలేశాను. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. వెనక హారన్లు. ఆటో అతను ఒకడు, "అక్కా, జర నడుపే!" అని అరిచాడు. మా ఆయన స్కూటరు మీద నిలబడిపోయి, "చెప్పిన! నేను చెప్పిన! బాజుకు తియ్, నేను వస్తున్న!" అంటూ హెల్మెట్ తీయబోయారు.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో దిగి తాళం ఆయన చేతికి ఇచ్చేద్దామనిపించింది. ఇచ్చేస్తే మరో తొమ్మిదేళ్లు.

బటన్ నొక్కాను. కిటికీ అద్దం పైకి లేచింది. ఆయన నోరు కదులుతూనే ఉంది, మాట మాత్రం ఆగిపోయింది. లోపల ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. క్లచ్ పూర్తిగా తొక్కాను, తాళం తిప్పాను, ఒకటో గేరు వేసి మెల్లగా వదిలాను. కారు కదిలింది. సిగ్నల్ దాటాక అద్దంలో చూశాను. ఎర్రలైటు పడి ఆయన అవతలే ఉండిపోయారు, హెల్మెట్ చేతిలో పట్టుకుని.

నారాయణగూడ మార్కెట్ మొదట్లో చంద్రిక నిలబడి ఉంది. ఒక చేతిలో పులిహోర డబ్బా, ఇంకో చేతిలో నీళ్ల సీసా. దగ్గరికి వచ్చి వంగి చూసింది.

"మీ ఆయన ఏడి? నిజంగనె రాలేదా?"

"రాలేదు."

"అబ్బ, జీవితంల ఫస్ట్ టైమ్!" అంటూ ముందు తలుపు తీసింది.

"వెనక కూర్చో," అన్నాను.

"వెనకా? ఎందుకే? ముంగట ఖాళీగనె ఉంది గద."

"ఉండనీ. వెనక కూర్చో చంద్రికా."

"నేనేమన్న నీ ఆటో ఎక్కిన సవారినా, వెనక కూర్చోనీకి?"

"అవును," అన్నాను.

ఆమె నన్ను ఒక క్షణం చూసి, ముందు తలుపు మూసేసింది. వెనక్కి వెళ్లి ఎక్కి, పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుంది. ఇండికేటర్ వేసి, కుడివైపు చూసుకుని, కవాడిగూడ వైపు కారు పోనిచ్చాను.